నైట్ రైడర్ కారు ‘కిట్’: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

‘కల్కి 2898 ఏడీ’ సినిమాలో బుజ్జి అనే మాట్లాడే బండి నోరు విప్పినప్పటి నుంచి నాకు ఈ ప్రశ్నలు ఎక్కువయ్యాయి. నలభై దాటినవాళ్ళు “ఇలాంటి కారు మేం చిన్నప్పుడే చూశాం, నల్లగా ఉండేది, ముందు ఎర్ర లైటు అటూ ఇటూ పరిగెత్తేది” అంటారు. పక్కనున్న పిల్లలు “ఏదీ, చూపించు” అంటారు. వాళ్ళు చెప్పేది ‘నైట్ రైడర్’ అనే పాత అమెరికా టీవీ సీరియల్‌లోని మాట్లాడే కారు కిట్ గురించి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక అన్నీ ఒకచోట రాశాను. మొదటి నుంచి చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో అక్కడికి వెళ్ళిపోండి.

## చూడకముందు

నైట్ రైడర్ అంటే రాత్రిపూట తిరిగేవాడనేగా?

కాదు. ఈ తప్పు మనకి తెలుగు లిపి తెచ్చిపెట్టింది. రాత్రి అనే ఇంగ్లిష్ మాటా, కవచం తొడుక్కుని గుర్రమెక్కే పాతకాలపు యోధుడు అనే మాటా, రెండూ మనం ‘నైట్’ అనే రాస్తాం. ఇక్కడున్నది రెండోది. గుర్రం బదులు కారు, అంతే. కారు నల్లగా ఉండటం వల్ల మనలో చాలామంది ‘రాత్రి తిరిగే బండి’ అనే అర్థంతోనే పెద్దయ్యారు. నేనూ అందులో ఒకణ్ణే.

కారు పేరు కిట్టా, నైట్ రైడరా?

సీరియల్ పేరు నైట్ రైడర్, కారు పేరు కిట్. ‘నైట్ ఇండస్ట్రీస్ టూ థౌజండ్’ అనే నాలుగు మాటల ఇంగ్లిష్ మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు అది. 1982లో తీసిన కథకి 2000 అంటే ఎంతో దూరపు భవిష్యత్తు. హీరో పేరు మైకేల్ నైట్. కారు అతన్ని ఎప్పుడూ ‘మైకేల్’ అనే పిలుస్తుంది. అతను మాత్రం దాన్ని మనం ‘బ్రదర్’ అన్నట్టు చనువుగా పిలుస్తుంటాడు.

నాకు నల్ల బైకు గుర్తుంది, కారు కాదు. నా జ్ఞాపకమే తప్పా?

తప్పు కాదు, మీరు చూసింది వేరేది. దూరదర్శన్‌లో వచ్చిన ‘స్ట్రీట్ హాక్’లో నల్ల మోటార్‌సైకిల్ ఉండేది. అదీ అమెరికా సీరియలే, 1985లో వచ్చి పదమూడు ఎపిసోడ్లతో ఆగిపోయింది. మన దగ్గర ఒక తరం పిల్లలకి మాత్రం చాలా గట్టిగా గుర్తుండిపోయింది. రెండూ నలుపే, రెండింట్లోనూ నేరస్తుల వెంట పడటమే కథ, అందుకే కలిసిపోతాయి. గుర్తుపట్టడానికి సులువైన మార్గం ఒకటుంది. బండి తన హీరోతో వాదన పెట్టుకుంటే అది కిట్.

కథ రెండు ముక్కల్లో చెప్పగలరా?

మైకేల్ లాంగ్ అనే పోలీసు ముఖం మీద తుపాకీ దెబ్బ తగిలి చావు అంచుకు వెళ్తాడు. విల్టన్ నైట్ అనే కోటీశ్వరుడు అతన్ని కాపాడి, కొత్త ముఖం, కొత్త పేరు, మాట్లాడే కారు ఇచ్చి తను కన్నుమూస్తాడు. ఆ పెద్దాయన పెట్టిన సంస్థ తరఫున మైకేల్, కిట్ కలిసి చట్టానికి చిక్కని దొంగల్ని పడతారు. డెవాన్ అనే పెద్దమనిషి పని అప్పజెబుతాడు. బానీ అనే ఇంజినీరు కారు బాగోగులు చూస్తుంది. రెండో సీజన్‌లో ఆమె స్థానంలో ఏప్రిల్ అనే అమ్మాయి వస్తుంది, మూడులో మళ్ళీ బానీయే. ఇక ప్రతి వారం ఒక ఊరు, ఒక కష్టం, ఒక విలన్.

ఎన్ని ఎపిసోడ్లు? అన్నీ చూడాలా?

గ్లెన్ ఎ. లార్సన్ సృష్టించిన ఈ సీరియల్ అమెరికాలో ఎన్‌బీసీ చానెల్‌లో 1982 సెప్టెంబర్ 26న మొదలై 1986 ఏప్రిల్ 4న ముగిసింది. నాలుగు సీజన్లు, 90 ఎపిసోడ్లు. అన్నీ చూడక్కర్లేదు. మొదటి కథ, కార్ ఉన్న రెండు ఎపిసోడ్లు, గొలియత్ అనే రాక్షస ట్రక్కు వచ్చేవి, ఆసిడ్ గుంట ఎపిసోడ్ చూస్తే దాని రుచేంటో తెలిసిపోతుంది. (కార్ అనేది ఇక్కడ ఒక కారు పేరు. తెలుగులో రాసేవాడి పాట్లు ఇవీ.)

## చూస్తున్నప్పుడు

అచ్చం కిట్‌లాగే ఉండే చెడ్డ కారు ఒకటుండేది కదా?

ఉంది. కథలో కిట్ కంటే ముందు తయారైన నమూనా అది. పేరు కార్, పూర్తిగా చెప్పాలంటే నైట్ ఆటోమేటెడ్ రోవింగ్ రోబో. రెండింటి యంత్రాంగం ఒకటే. కిట్‌కి నేర్పిన మొదటి ధర్మం మనిషి ప్రాణం కాపాడటం, కార్‌కి నేర్పింది తన ప్రాణం కాపాడుకోవటం. ఆ ఒక్క తేడాతోనే ఒకటి హీరో, ఇంకొకటి విలన్ అయ్యాయి. మొదటి సీజన్‌లోని ‘ట్రస్ట్ డజంట్ రస్ట్’లో రెండూ ఎదురెదురుగా దూసుకొస్తాయి. ఎవరు తప్పుకుంటారన్నదే పందెం. తన ప్రాణమే తనకి ముఖ్యమైన కార్ ఆఖరి క్షణంలో పక్కకి తిప్పుకుని కొండ అంచు మీంచి పడిపోతుంది.

నా లెక్కలో ఈ సీరియల్ రాసినవాళ్ళ తెలివంతా ఆ ఒక్క మలుపులో ఉంది. విలన్‌ని హీరో బలం ఓడించలేదు, విలన్‌కి నేర్పిన పాఠమే ఓడించింది. కృత్రిమ మేధకి ఏ లక్ష్యం ఇవ్వాలి అని ఈనాడు పెద్దపెద్ద చర్చలు వింటుంటే నాకు ఆ కొండ అంచే గుర్తొస్తుంది. మూడో సీజన్‌లో కార్ ఇసుకలోంచి మళ్ళీ బయటికి వస్తుంది, ఈసారి కింది సగం వెండి రంగులో.

కిట్ చచ్చిపోయిన ఎపిసోడ్ ఏది? చిన్నప్పుడు ఏడ్చిన గుర్తు.

ఇలా అడిగేవాళ్ళ మనసులో రెండిట్లో ఏదో ఒకటి ఉంటుంది. మూడో సీజన్‌లోని ‘జంక్ యార్డ్ డాగ్’లో కిట్‌ని ఆసిడ్ గుంటలోకి తోసేస్తారు. తీసి బాగుచేశాక కూడా దాన్లో జంకు మిగిలిపోతుంది. ఏ దెబ్బా తగలని కారు మొదటిసారి భయపడటం చూస్తాం. నాలుగో సీజన్ మొదట్లో వచ్చే ‘నైట్ ఆఫ్ ద జగ్గర్‌నాట్’లో కవచం తొడిగిన ఒక పెద్ద వాహనం కిట్‌ని గుద్ది గుద్ది తుక్కు చేస్తుంది. మీకు గుంట, పొగ గుర్తుంటే మొదటిది, నుజ్జయిన రేకులు గుర్తుంటే రెండోది.

ఎదురొచ్చిన దాన్నల్లా తొక్కుకుంటూ పోయేది అనే అర్థంలో ఇంగ్లిష్ వాళ్ళు వాడే ఆ ‘జగ్గర్‌నాట్’ అన్న మాట మన పూరీ జగన్నాథుడి రథం నుంచి వెళ్ళిందే. దేవుడి రథం పేరు తిరిగి తిరిగి కిట్‌ని చంపే బండికి చేరింది.

కారు ఆకాశంలో ఎగిరేది కదా?

ఎగరదు, దూకుతుంది. టర్బో బూస్ట్ మీట నొక్కితే గోడ మీంచో ట్రక్కు మీంచో అవతలికి గెంతి, దిగి, పరిగెత్తుతుంది. ఎపిసోడ్ మొత్తంలో ఆ గెంతు ఒకటో రెండో సార్లు, కొన్ని క్షణాలే ఉంటుంది. చిన్నప్పటి మనసు దాన్ని సాగదీసి ఎగిరినట్టు దాచుకుంది. ఇప్పుడు మళ్ళీ చూసినవాళ్ళు “ఇంతేనా?” అంటుంటారు. అంతే.

మాట్లాడేటప్పుడు వెలిగే లైటు ఒక్కోసారి ఒక్కోలా కనబడుతోంది. ఎందుకు?

మార్చారు కాబట్టి. మొదటి ఎపిసోడ్లలో స్టీరింగ్ పైన ఒక ఎర్ర చదరం మిణుకుమిణుకుమనేది. మొదటి సీజన్ నడుస్తుండగానే దాని బదులు మూడు నిలువు గీతలు మాటకి తగ్గట్టు లేచి పడేలా చేశారు. అందరికీ గుర్తున్నది ఇదే. మొదటి రెండు సీజన్లలో డాష్‌బోర్డు మీద రెండు చిన్న టీవీ తెరలు ఉంటాయి, తర్వాత ఒక్కటే.

చివరికి ఏమవుతుంది?

ఏమీ అవదు. చివరగా ప్రసారమైన ఎపిసోడ్ కూడా మామూలు కేసే, వీడ్కోలు సీనంటూ లేదు. 1991లో వచ్చిన ‘నైట్ రైడర్ 2000’ అనే టీవీ సినిమాలో మాత్రం కిట్‌ని విప్పి భాగాలు అమ్మేశారని చెబుతారు. దాని మెదడు భాగాల్లో ఒక చిప్ ఒక పోలీసు అధికారిణి తలలో ఉంటుంది. మిగిలిన కిట్‌ని మైకేల్ తన 1957 షెవర్లే కారులో పెట్టుకుంటాడు. పాత కారులోంచి ఆ గొంతు రాగానే నవ్వూ వస్తుంది, ఎక్కడో చివుక్కుమనీ అంటుంది.

## తెర వెనుక సంగతులు

అసలు అది ఏ కంపెనీ కారు? ఇప్పుడు దొరుకుతుందా?

1982 పాంటియాక్ ఫైర్‌బర్డ్ ట్రాన్స్ ఆమ్. ఆ సంవత్సరమే కొత్త ఆకారంలో వచ్చింది. మైకేల్ షెఫీ అనే డిజైనర్ లోపలి డాష్‌బోర్డునీ, ముక్కునీ మార్చి దాన్ని కిట్ చేశాడు. ఫైర్‌బర్డ్ తయారీ 2002లో ఆగిపోయింది, పాంటియాక్ కంపెనీనే జనరల్ మోటర్స్ 2010లో మూసేసింది. ఇప్పుడు దొరికేవి సెకండ్ హ్యాండ్ బళ్ళు, వాటిని కిట్‌లా మార్చి అభిమానులు చేసుకున్న నకళ్ళు. అమెరికాలో కార్ల మేళాలకి వెళ్తే మీకు తగిలేది చాలావరకు ఈ నకళ్ళే.

నిజంగా అంత వేగం వెళ్ళేదా?

కథలో సున్నా నుంచి గంటకి అరవై మైళ్ళు అందుకోవటానికి 0.2 సెకన్లు. రోడ్డు మీద ఆ సంవత్సరపు ట్రాన్స్ ఆమ్‌లో అన్నిటికంటే బలమైన ఇంజిను, 5 లీటర్ల వీ8, ఇచ్చింది 165 హార్స్‌పవర్. ఇవాళ మన ఊళ్ళలో తిరిగే 1.5 లీటర్ల టర్బో పెట్రోలు ఎస్‌యూవీ దాదాపు అంతే ఇస్తుంది. పెట్రోలు కొరత, పొగ నిబంధనల దెబ్బకి అప్పటి అమెరికా కార్లన్నీ అలాగే డీలా పడి ఉండేవి. తెర మీద వేగం ఎడిటింగ్‌ది, సంగీతానిది.

కిట్ గొంతు ఎవరిది? కంప్యూటర్‌దా?

మనిషిదే. విలియం డేనియల్స్ అనే నటుడిది. అదే కాలంలో ‘సెయింట్ ఎల్స్‌వేర్’ అనే ఆసుపత్రి సీరియల్‌లో డాక్టర్‌గా వేస్తూ, దానికి ఎమ్మీ అనే టీవీ అవార్డులూ తీసుకున్నాడు. కారు గొంతుకి తన పేరు వెయ్యొద్దని ఆయనే అడిగాడట, అందుకే టైటిల్స్‌లో కనబడదు. హీరో డేవిడ్ హాసెల్‌హాఫ్ షూటింగ్‌లో ఉత్త డాష్‌బోర్డుతో మాట్లాడేవాడు, డేనియల్స్ తన మాటల్ని వేరుగా స్టూడియోలో చెప్పేవాడు. అంత దోస్తీ కనబడే ఆ ఇద్దరూ ఎదురుపడింది చాలా తక్కువ.

ఆ గొంతులో నాకు నచ్చేది అది రోబోలా లేకపోవటం. ఇంట్లో చదువుకున్న బాబాయి ఒకాయన, “ఆ పని మంచిది కాదేమోరా” అని సన్నగా దెప్పినట్టుంటుంది. కోపం వస్తే గట్టిగా అరవదు, మర్యాద పెంచుతుంది. మైకేల్ వేళాకోళమాడితే చిన్నబుచ్చుకుంటుంది. ఏ ఎపిసోడ్ కథ ఏంటో ఒక్కటీ చెప్పలేనివాళ్ళు కూడా కిట్ మాట తీరుని అనుకరించి చూపిస్తారు. నలభై ఏళ్ళ తర్వాత జనానికి మిగిలింది ఆ ఇద్దరి కబుర్లే అని నా నమ్మకం. కారు ఆ కబుర్లకి అరుగు లాంటిది.

డ్రైవర్ లేకుండా కారు ఎలా నడిపించారు? అప్పట్లో రిమోట్ ఉండేదా?

రిమోట్ కాదు. లోపల మనిషి దాక్కునేవాడు. డ్రైవర్ సీటు ఆకారంలోనే ఒక తొడుగు చేసి, స్టంట్ డ్రైవర్ దానికింద కూర్చుని నడిపేవాడు. బయటి నుంచి చూస్తే ఖాళీ సీటే. పాజ్ చేసి చూస్తే కొన్ని షాట్లలో సీటు మామూలు కంటే లావుగా కనబడుతుంది. ఒకసారి కనిపెట్టాక ఇక కళ్ళు అటే పోతాయి, ముందే చెబుతున్నాను. స్టంట్లకి పెద్ద జాక్ గిల్. గెంతులకి దాచిపెట్టిన ర్యాంపులు, బరువు తగ్గించిన కార్లు వాడేవారు. దిగేటప్పుడు ముక్కు నేలకి కొట్టుకుని పగిలేది, ఆ దృశ్యాన్ని ఎడిటింగ్‌లో కోసేవారు.

ముందున్న ఎర్ర లైటు దేనికి?

కథ ప్రకారం అది కిట్ కన్ను. అసలు కారణం లార్సనే. 1978లో ఆయన తీసిన ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’లో సైలాన్ అనే యంత్ర సైనికుల ముఖం మీద ఇదే ఎర్ర వెలుగు అటూ ఇటూ కదిలేది. తనకి నచ్చినదాన్ని తనే ఇంకోసారి వాడుకున్నాడు. మొదటిసారి అది భయపెట్టింది, రెండోసారి ముద్దొచ్చింది.

షూటింగ్‌లో వాడిన కార్లన్నీ ఏమయ్యాయి?

ఒక్క కారు కాదు, పనిని బట్టి చాలా ఉండేవి. దగ్గరి షాట్లకి ఒకటి, గెంతులకి కొన్ని, సీటు తొడుగుతో ఒకటి, ఇలా. రైలు ప్రమాదంలో దెబ్బతిని అమ్మకానికి పనికిరాని ట్రాన్స్ ఆమ్‌లు కంపెనీ నుంచి నామమాత్రపు ధరకి దొరికాయని, పనయ్యాక తుక్కు చేసెయ్యాలన్నది షరతని తెర వెనుక పనిచేసినవాళ్ళు చెబుతూ వచ్చారు. నిజంగా కెమెరా ముందు నిలబడ్డవి కొద్దిగానే మిగిలాయి. “ఇది అసలు కారే” అని ఎవరైనా అమ్మజూపితే కాగితాలు అడగండి.

## ఇప్పటి సంగతులు

2008లో కొత్త నైట్ రైడర్ వచ్చింది కదా, ఎవరికీ గుర్తు లేదేం?

ఫోర్డ్ మస్టాంగ్‌తో వచ్చింది, ఒక్క సీజన్‌తో ఆగింది. గొంతు వాల్ కిల్మర్‌ది. ముందు విల్ ఆర్నెట్‌ని తీసుకున్నారు గానీ, ఆయన అప్పటికే జనరల్ మోటర్స్ ట్రక్కుల ప్రకటనలకి గొంతు ఇస్తున్నాడు. ఫోర్డ్ కారుకి ఎలా మాట్లాడతావని అటు నుంచి అభ్యంతరం వచ్చి తప్పుకున్నాడు. కొత్త కారు రంగులు మార్చింది, ఆకారాలు మార్చింది, మాటలో మాత్రం పాత వెటకారం లేదు. నాకు గుర్తుండకపోవటానికి కారణం అదే. మీకు వేరే ఉండొచ్చు.

పెళ్ళి డీజేలో ఒక పంజాబీ పాట మొదలవగానే మా నాన్న “ఇది నైట్ రైడర్” అన్నారు. నిజమేనా?

నిజమే, మీ నాన్నగారి చెవి గట్టిది. పంజాబీ ఎంసీ అనే సంగీతకారుడు చేసిన, లాభ్ జంజువా పాడిన ‘ముండియాఁ తో బచ్‌కే’లో తుంబి అనే ఒంటి తీగ వాయిద్యం కింద నడిచే ఆ గుండ్రటి బీటు నైట్ రైడర్ టైటిల్ సంగీతమే. స్టూ ఫిలిప్స్, లార్సన్ కూర్చిన ఆ బాణీని ముందు అమెరికన్ ర్యాపర్ బస్టా రైమ్స్ తన పాటలో వాడుకున్నాడు, అక్కడి నుంచి పంజాబీలోకి వచ్చింది. సీరియల్ ఒక్క ఎపిసోడ్ చూడనివాళ్ళు కూడా ఏదో ఒక బరాత్‌లో ఆ కారు పాటకి గెంతే ఉంటారు.

బుజ్జిని కిట్ చూసే చేశారా?

పోలిక కనబడుతుంది, అంతవరకే చెప్పగలం. మాట్లాడే బండి, దానితో పేచీ పడే హీరో అనే జంట రెండిట్లోనూ ఉంది. తేడాలూ పెద్దవే. బుజ్జి గొంతు కీర్తి సురేశ్‌ది, ఆకారం ఏ కంపెనీ కారుదీ కాదు. ముందు రెండు, వెనక ఒకటి, మొత్తం మూడు పెద్ద చక్రాలు. మహీంద్రా, కోయంబత్తూరులోని జయెం ఆటోమోటివ్స్ ఇంజినీర్ల సాయంతో నిజంగా నడిచే బండిగా చేశారు. 2024 మే నెలలో రామోజీ ఫిల్మ్ సిటీలో ప్రభాస్ దాన్ని నడుపుకుంటూ జనం ముందుకొచ్చాడు. కిట్ మీద ఒక్క విషయంలో మాత్రం బుజ్జిది పైచేయి. మన భాషలో మనల్ని తిడుతుంది.

కిట్ చేసినవన్నీ ఇప్పుడు మామూలు కార్లూ చేస్తున్నాయిగా, ఇంక అందులో గొప్పేముంది?

సగం చేస్తున్నాయి. దారి చెప్పటం, ఫోన్ కలపటం, అద్దాలు దించమంటే దించటం, లైన్ తప్పకుండా తనంతట తను నడవటం వచ్చేశాయి. 2021లో టెస్లా, కిట్‌లో ఉన్నట్టే, పైభాగం లేని స్టీరింగ్ పెడితే అందరూ మొదట అన్న మాట కిట్. దారి చూపే జీపీఎస్ పెట్టెల కంపెనీ మియో అయితే విలియం డేనియల్స్ గొంతునే పెట్టి నైట్ రైడర్ పెట్టె అమ్మింది. రానిది ఒకటుంది. “ఈ దారి వద్దు, మొన్న కూడా ఇలాగే చెప్పాను, నువ్వు వినలేదు” అనే చనువు. నా కారు “దయచేసి మళ్ళీ చెప్పండి” దగ్గరే ఆగిపోయింది. అదీ మా వీధి పేరు చెప్పిన ప్రతిసారీ.

మా పిల్లలకి చూపిస్తే నచ్చుతుందా?

కారు మాట్లాడుతోందని ఆశ్చర్యపోతారని మాత్రం అనుకోకండి. ఇంట్లో టీవీ రిమోటే మాట్లాడుతున్న రోజులు. మా మేనల్లుడికి ఎనిమిదేళ్ళు. మొదటి ఎపిసోడ్ అరగంటకే “మామయ్యా, దీనికి అన్నీ తెలుసు కదా, మరి అతను బటన్ నొక్కేదాకా ఎందుకు ఆగుతుంది?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆసిడ్ గుంట ఎపిసోడ్‌కి మాత్రం చేతిలో మురుకు చేతిలోనే ఉండిపోయింది. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

## చేసి చూడాలనుకునేవాళ్ళకి

నా కారు ముందు ఆ ఎర్ర లైటు పెట్టించుకోవచ్చా?

రోడ్డు మీద తిప్పే బండికి వద్దు. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం బండి ముందు వైపు ఎర్ర లైటు కనబడకూడదు. చలాన్ మాట అటుంచి, చీకట్లో ఎదురొచ్చేవాడు దాన్ని ముందు పోతున్న బండి వెనక లైటు అనుకుంటాడు. అసలు ప్రమాదం అది. ఇంట్లో బొమ్మకి పెట్టుకోండి, గోడకి పెట్టుకోండి.

బొమ్మ కారుకి ఎల్‌ఈడీలు పెట్టాను, కానీ కిట్‌లా అనిపించటం లేదు. ఏం తప్పు చేశాను?

వెలుగుకి తోక లేదు. అసలు కారులో వాడినవి ఫిలమెంట్ బల్బులు. కరెంటు తీసేసినా వైరు చల్లారే దాకా కాసేపు ఎర్రగా మిగిలేవి, అందుకే వెలుగు జారుతున్నట్టు ఉండేది. ఎల్‌ఈడీ టక్కున ఆరిపోతుంది, చుక్క ఎగిరెగిరి పడ్డట్టుంటుంది. కాబట్టి ఒక్కో ఎల్‌ఈడీని ఆపెయ్యకుండా మెల్లగా మసకబారేలా ప్రోగ్రాం రాసుకోవాలి. ఆన్‌లైన్‌లో నేను మొదట తెప్పించిన ఎర్ర పట్టీ రెండో రోజుకే సగం వెలగటం మానేసింది, అమ్మినవాడు ఫోనెత్తలేదు. తర్వాత కోఠీ గుజరాతీ గల్లీలో ఎనిమిది విడి ఎల్‌ఈడీలు, ఎనిమిది రెసిస్టర్లు, ప్రోగ్రాం ఎక్కించటానికి ఆర్డునో అనే చిన్న బోర్డు కొన్నాను. ఒక్కోటి టంకం పెట్టి, ముందు వెలిగినదాన్ని సగానికి, దాని ముందుదాన్ని పావుకి తగ్గిస్తూ పోతే మూడో సాయంత్రానికి తోక వచ్చింది. పైన పల్చని నల్ల ప్లాస్టిక్ అంటించండి, చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

నాది బొమ్మ కారు దాకా వెళ్ళలేదు. మా మేనల్లుడు దాన్ని బూట్ల డబ్బాకి బిగించి, లోపల వాళ్ళమ్మ ఫోన్ పెట్టి, డబ్బాని నేల మీద తోసుకుంటూ గంటసేపు ఫోన్‌లోని అసిస్టెంట్‌తో వాదన పెట్టుకున్నాడు.